శుక్రవారం ఇస్తానన్న జోడు

చెప్పు తిరగేసి చూస్తే చాలు,
మనిషి ఏ కాలిని నమ్ముకున్నాడో చెప్పేస్తాను.
ముప్పై ఏళ్ళుగా మోంటెవిడెయోలో
ఈ అగ్గిపెట్టెంత కొట్లో నా చదువంతా అదే.

వాల్డెమార్ అనే ఆయన
పరుగు బూట్లు ఇచ్చి వెళ్ళాడు, కొత్త అడుగు వేయమని.
చీటీ రాశాను: శుక్రవారం.
శుక్రవారాలు చాలా వచ్చాయి, ఆయన రాలేదు.
రెండో చలికాలంలో ఒక సాయంత్రం
అల్మరా మీంచి అవి నన్నే చూస్తున్నట్టు తోచి
తీసి తొడుక్కున్నాను.
నా కొలతే.
లోపల బొటనవేలి గుంట మాత్రం నాది కాదు.
అద్దె ఇంట్లో దిగినవాడిలా అటూ ఇటూ రెండడుగులు వేసి
కొట్టుకు తాళం పెట్టి
ఎవరి కంటా పడకుండా తీరం దారికి వెళ్ళాను.

యాభై రెండో ఏట, అలా.

మాకు ఇవతల ఇళ్ళు, అవతల నది.
నది అంటాం గానీ ఆవలి గట్టు కనబడదు.
టీ రంగు నీళ్ళు,
గాలిని బట్టి ఓ రోజు ఉప్పన, ఓ రోజు చప్పన.
ఆ గట్టు మీద పరుగెత్తుతాను.
పరుగంటే మరీ పరుగనుకోకండి,
నడకకు కాస్త తొందరెక్కువ.
పసిబిడ్డను బండిలో తోసుకుంటూ ఒకావిడ
రోజూ నన్ను దాటిపోతుంది.
బిడ్డ వెనక్కి తిరిగి చూస్తుంది, జాలిగా.

మొదటి పది నిమిషాలు ఒళ్ళు అబద్ధాలాడుతుంది:
మోకాలు పోయింది, గుండె ఆగిపోతోంది,
కొట్లో పొయ్యి ఆర్పలేదేమో.
విన్నట్టే ఉండి వినకూడదు.
ఇది నాకు నీబియా చెప్పింది.
డెబ్బై ఒకటి ఆవిడకు, చేపల మార్కెట్లో లెక్కలు రాసేది.
"వెళ్ళేటప్పుడు గాలికి ఎదురెళ్ళు,
వచ్చేటప్పుడు అదే తోస్తుంది.
ఒంట్లో ఓపికుండగానే అప్పు తీర్చెయ్యాలి" అంది.
నేను మాత్రం చాలా రోజులు
గాలివాటున హాయిగా బయల్దేరి
ఏడుస్తూ ఇంటికొచ్చాను.

పరుగెత్తుతూ అందరి కాళ్ళూ చూస్తాను.
పీకి పారేసిన పాత అడుగు నాకింకా గుర్తుంది:
కుడి మడమ బయటి అంచు నెలవంకలా అరిగింది.
అలా అడుగేసేవాడు ఎక్కడో ఉండాలి.
రెండుసార్లు పొరబడ్డాను.
ఒకసారి ఓ పోస్టుమాన్ వెంట అరకిలోమీటరు ఉరికాను,
నా జీవితంలో అంత వేగంగా ఎప్పుడూ పరుగెత్తలేదు.
ఆయన పేరు ఓమర్ అట.

జూలైలో పది కిలోమీటర్ల పందెం.
నా వెనక ఎవరూ లేరు,
అంబులెన్సు తప్ప.
చీమ నడకన వస్తోంది, లైటు తిప్పుకుంటూ.
ముందు బ్యానర్లు విప్పేస్తున్నారు,
అరటిపళ్ళ బల్ల మడిచేస్తున్నారు.
సిగ్గేసి, ఆగి, ఎక్కేస్తానన్నాను.
డ్రైవరు సొరబుర్రలోంచి మాటే పీలుస్తూ
కిటికీలోంచి చేయి ఊపాడు.
"పదవయ్యా, నెమ్మదిగానే పద.
నా డ్యూటీ పన్నెండు దాకా ఉంది.
నువ్వెక్కితే నేను ఫారం నింపాలి."

ఆ ఫారం భయానికే పూర్తి చేశాను.
గీత దగ్గర నీబియా ఒక్కతే నిలబడి ఉంది,
ఎప్పుడో చేరినా ఇంటికి పోకుండా,
నా స్వెట్టరు పట్టుకుని.
ఏమీ అనలేదు. స్వెట్టరు ఇచ్చింది.

ఆ రాత్రి కొట్లో, దీపం కింద,
మొదటిసారి ఈ జోడును తిరగేసి చూశాను.
ఎడమ మడమ, లోపలి అంచు.
ముప్పై ఏళ్ళు ఊరందరి కాళ్ళూ చదివి
కుడికాలే నా బలమనుకున్నాను.
లోపల వేలు పెట్టి తడిమాను.
గుంట కాస్త పక్కకు జరిగింది,
ఆయనదీ నాదీ కలిసిపోయి
ఎవరిదో చెప్పలేనట్టుంది.

మళ్ళీ అడుగు వేయాలి.
చీటీ ఇంకా మేకుకే ఉంది, రంగు వెలిసి.
వాల్డెమార్ వస్తే కూలి అడగాలో,
అద్దె ఇవ్వాలో
ఇంకా తేల్చుకోలేదు.
రేపు దక్షిణపు గాలి అంటున్నారు.
ముందు దక్షిణానికే వెళ్తాను.