కాటా దగ్గర నిలబడేవాడు

పాలకొల్లులో మూతబడ్డ రైసుమిల్లు గోడౌనులో
దుప్పటి కట్టి వేశారు ఆ సినిమా.
నలభై కుర్చీలు, బయట జనరేటరు మోత.
ముందు వరసలో యూనియన్ వాళ్లు,
వెనకాల నేను, చెప్పులు విప్పాలో వద్దో తెలియక.

మొదట మా కాలవే వచ్చింది, ఆకాశంలోంచి.
ఇరవయ్యేళ్లుగా దాని గట్టునే సైకిలు తొక్కుతున్నాను గాని
అంత అందంగా ఉంటుందని తెలీదు.
చెరువులన్నీ అద్దాలు పరిచినట్టు.
చచ్చిన రొయ్య వాసన అందనంత ఎత్తునుంచి తీశారు.

తర్వాత ఒక పట్నం గొంతు
అప్పు గురించి చెప్పింది.
పిల్ల అప్పు, మేత అప్పు, కరెంటు, మందు,
సరుకు అమ్మాల్సింది అప్పిచ్చినవాడికే,
ధర చెప్పేదీ వాడే.
నిజం. ఒక్క అక్షరం పొల్లు పోలేదు.
మా బావ సత్తిరాజు ఏడెకరాలు ఈ లెక్కలోనే కదా కరిగింది.
మా ఇంటి పద్దుపుస్తకం ఎవరో
మైకులో చదువుతున్నట్టు
పళ్లు బిగపట్టి కూర్చున్నాను.

ఆపైన గీతలు.
ఎర్రగీత ఎక్కుతుంటే వెనక వీణ ఏడ్చింది.
ఎందుకో నాకు నవ్వొచ్చింది.

అప్పుడు కనబడింది ఎస్తేరమ్మ,
మా వలుపు షెడ్డులో మూడో బల్ల.
పటికనీళ్లు తిన్న వేళ్లు
గోడంత పెద్దవై దుప్పటి మీద.
"మాకెవరున్నారండీ" అంది. అక్కడ కోసేశారు.
ఆ రోజు నేనక్కడే ఉన్నాను.
తర్వాతి మాట నాకు తెలుసు:
"ముందా కెమేరా పక్కకి జరపండి బాబూ,
ఐసు కరిగిపోతంది, నాకు కూలి కోసేత్తారు."
ఆ మాట ఉంచితే సినిమా ఇంకా గట్టిగా ఉండేది.
ఏమో, అసలు సినిమానే ఉండేది కాదేమో.

ఆఖర్న ఆ గొంతు అడిగింది, దీనికంతటికీ ఎవరు కారణమని.
తనే చెప్పింది: వ్యవస్థ.
ఢిల్లీ, ఓడరేవులు, సముద్రం అవతలి బేరగాళ్లు.
అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.
కొడుతూ కొడుతూ గమనించాను,
నా ఛాతీ తేలికపడింది.

ఎందుకంటే కాటా దగ్గర నిలబడేది నేను.
తడి అని, నలిగిందని, పొట్టు ఉందని
బుట్టకి నూట యాభై గ్రాములు తీసే పెన్సిలు
నా చెవి మీదే ఉంటుంది.
ఓనరు తియ్యమన్నాడు, తీస్తాను,
నెలకి పద్నాలుగు వేలు.
ఆ నూట యాభై గ్రాములు ఏ గీతలోనూ లేవు.

గుమ్మం దగ్గర యూనియన్ కుర్రాడు ఆపాడు,
"ఎలా ఉందండీ?"
"బాగుందండీ, వీణే కాస్త ఎక్కువైంది" అన్నాను.

పొద్దున్నే షెడ్డులో ఎస్తేరమ్మ అడిగింది,
"నేను బాగా పడ్డానా బాబూ?"
పడ్డావమ్మా, గోడంత పడ్డావు.
నవ్వుకుంటూ బుట్ట కాటా మీద పెట్టింది.
ఆరు కేజీల మూడువందలు.
ఓనరు నా వెనకే, ఫోనులో.
ఆరూ రెండొందలని రాశాను.
రోజూ అయితే
ఆరూ నూట యాభై.