వలెను

జిల్లా పరిశ్రమల ఆఫీసుల ఇచ్చిన పచ్చ కాగితం,
మూడు మడతలు, మడతల కాడ సిరా పోయింది.
"కొనుగోలుదారు నలభై ఐదు దినములలో
సొమ్ము చెల్లించవలెను."
మా కొత్తవాడల ఎవ్వరూ వలెను అనరు.
ఇయ్యాలె అంటరు.
ఇయ్యకపోతే వచ్చి గడప మీద కూసుంటరు.

ఉద్యమ్ నంబరు వచ్చిన నాడు
ఆడెపు సులోచన అనే నేను
సూక్ష్మ సంస్థనైన.
నాలుగు గుంత మగ్గాలు, రంగు ఉడికే రెండు కాగులు,
పంజా దెబ్బకు పంజా దెబ్బకు నడుమ
యెలుగం ఐలయ్య మామ దగ్గు,
అంతా కలిపి సూక్ష్మమే.
సూక్ష్మానికి ధరావతు మాఫీ అన్నరు.
సంతోషమైంది. కట్టనీకె మాత్రం ఎక్కడున్నయి!

కాజీపేట రన్నింగ్ రూముకు దర్రీలు,
రెండువేల నాలుగు వందలు.
అర్ధరాత్రి బండి దిగిన డ్రైవర్లు నడుం వాల్చేటందుకు.
నేను నాలుగు వందల అరవై ఎనిమిది రాసిన.
పానిపట్ల పెద్ద మిల్లు నాలుగు వందల పన్నెండు రాసింది.
ఎల్‌వన్ వాళ్లే.
అయితే రూలొకటున్నది:
నూటికి పదిహేను లోపల ఉన్న చిన్నోళ్లు
వాళ్ల ధరకు దిగొస్తే
పావు వంతు సరుకు వీళ్లకియ్యాలె.
దిగొస్తవా అని పోర్టల్ అడిగింది.
అడుగుడు ఎంత మర్యాద!
యాభై ఆరు రూపాయలు ఎక్కడ కోయాలె?
నూలు కొయ్యరాదు, తూకమేస్తరు.
మామ కూలి కొయ్యరాదు, మొఖం చూడాలె.
ఇగ మిగిలింది నేనే గద.
ఒప్పుకున్న అని నొక్కిన.

ఆరు వందల దర్రీలు.
ముసురు పట్టిన పదకొండు రోజులు రంగు ఆరలే,
ఇంట్ల ఫ్యాన్ల కింద, మంచాల మీద, మనుషుల మీద పరిచి ఆరబెట్టినం.
ట్రాలీ సుబేదారి దాటేదాక
టార్పాలిన్ కొస నా చేతులనే ఉన్నది.

స్టోర్స్ సారు లెక్క పెట్టుకున్నడు, ఏమనలేదు.
పదిహేను రోజులు కాగితం మీద ఏ తప్పూ రాయకపోతే
సరుకు ఒప్పుకున్నట్టేనట.
మౌనం అర్ధాంగీకారం అని మనం అంటం,
చట్టం మనకన్న ధైర్యం గలది,
పూర్తి అంగీకారం అంటది.

నలభై ఐదు పోయింది.
అరవై పోయింది.
బిల్లు ఎక్కడున్నదంటే "ప్రాసెస్ల" అన్నరు.
కాజీపేటల ఆ పేరుతోటి ఊరేమన్న ఉన్నదా అని
మామ నిజంగనే అడిగిండు.
నూలు షావుకారు మాత్రం
ఏ పచ్చ కాగితం చదవకుండనే
నెలనెల మిత్తి లెక్క కట్టిండు.

ఆలస్యమైతే నాకు సుత మిత్తి రావాలె,
బ్యాంకు రేటుకు మూడింతలు, నెలనెల చక్రవడ్డీ.
అంత రాసి పెట్టిండ్రు మా కోసం!
అడిగినోళ్లు ఎవరని వాడకట్టంత తిరిగి అడిగిన.
"అడగొచ్చు," అన్నది గోరంట్ల భారతక్క, 
"మల్ల టెండర్ వెయ్యద్దనుకుంటే."
ఆ మాట ఏ రూలుల లేదు.
అన్ని రూళ్లకన్న ముందు అందరికి కంఠతా వచ్చేది అదే.

ఇయ్యాల బేస్తారం.
అఫ్రోజ్ నెట్ సెంటర్ల కంప్యూటర్ మీద రెండు కిటికీలు.
ఒకటి అదే రన్నింగ్ రూముది, దుప్పట్లు,
మధ్యాహ్నం మూడింటికి మూత.
ఇంకొకటి సమాధాన్.
(ప్రశ్న అడిగే జాగకు ఆ పేరెవరు పెట్టిండ్రో.)
నా డిజిటల్ సంతకం ఒక్కటే,
చిటికెన వేలంత ముక్క, తాళం చెవుల గుత్తికి కట్టుకున్న.

"ఏది ముందు, అక్కా?"

పచ్చ కాగితం మడతలిప్పిన.
సిరా పోయిన చోట సుత అక్షరాలు నాకెరుకే.
ముందు బాకీ రాయి బిడ్డా,
దినాలు నేను చెప్త, డెబ్బై రెండు.
మూడింటికి ఇంకా నలభై నిమిషాలున్నది.