ఇంటిపేరు విప్పిన రాత్రి

ఫోను మోగేసరికి రొట్టెల పిండి ఇంకా పొంగలేదు.
అమ్మ ఓర్ఫా మోచేతుల దాకా పిండితోనే రిసీవర్ అందుకుంది.
"అవును బ్రదర్" అంది. కాసేపాగి, "అవును."
అంతే. మూడు మాటల్లో
మా నాన్న మాకు నాన్న కాకుండా పోయాడు.

ప్రవక్తకి రాత్రి దేవుడు చెప్పాడట:
వెర్న్ హాల్వర్సన్ చేతుల్లో ఇక యాజకత్వం లేదని,
అతని ముగ్గురు భార్యలూ పంతొమ్మిది మంది పిల్లలూ
తెల్లారేసరికి లైల్ స్టాట్ వాళ్ళని.
ఏం తప్పు చేశాడని ఎవరూ అడగలేదు.
అడిగితే అది రెండో తప్పు.
పోయిన చలికాలం గిడ్డంగి లెక్కలు ఒకసారి చూపించమన్నాడు నాన్న.
నాకు తెలిసింది అంతే.

సాయంత్రం వాకిట్లో నిలబడ్డాడు, లోపలికి రాలేదు.
ఎర్ర కొండలకేసి ట్రక్కు పోనిచ్చాడు.
టోపీ మేకుకే ఉండిపోయింది.
ముట్టుకుంటే అంటుకుంటుందన్నట్టు
అందరం దానికి ఒదిగి నడిచాం.

రాత్రి వంటింటి బల్ల మీద బట్టలు గుట్టపోశారు.
బడిలో కోట్లు కలిసిపోకుండా
ప్రతి కాలరు వెనకా పేరూ ఇంటిపేరూ
నీలం దారంతో కుట్టి ఉండేవి.
నాకు పదమూడేళ్ళు. నా పని విప్పడం.
హాల్వర్సన్‌కి ఇంగ్లీషులో తొమ్మిది అక్షరాలు.
స్టాట్‌కి అయిదే.
"పని కలిసొచ్చింది" అంది అమ్మ లారూ.
ఎవరూ నవ్వలేదు. ఆ తర్వాత అందరం నవ్వాం,
ఆగక, నోళ్ళకి చంటివాడి గౌన్లు అడ్డం పెట్టుకుని.

సవతి అన్న మాట ఈ ఇంట్లో పలకరు.
ముగ్గురూ అమ్మలే. తలా రెండు రాత్రులు,
ఆదివారం దేవుడిది.
ఒకరి బిడ్డకి ఒకరు పాలిచ్చారు,
ఒకరి ఏడుపు గోడకివతల ఒకరు విన్నారు.
ఒక మనిషి కోసం ఏళ్ళ తరబడి లోలోపల కొట్లాడుకున్నవాళ్ళు
ఆ మనిషిని కుట్టు కుట్టునా పీకేస్తూ
మొదటిసారి ఒకే బల్బు కింద, మోకాళ్ళు తగిలేలా.

అమ్మ జెల్ఫాకి ఇరవై.
మూడేళ్ళ కిందట ఆమెని నాన్నకిచ్చిందీ ఇలాంటి ఫోనే.
"అప్పుడూ దేవుడే చెప్పాడుగా" అంది, దారం కొరుకుతూ.
"దేవుడికి మతిమరుపా?"
ఓర్ఫా ఆమె నోరు మూసింది, పిండి చేత్తో.
జెల్ఫా పెదాల మీద తెల్లగా అలాగే ఉండిపోయింది.
తుడుచుకోలేదు.

అన్నయ్య ఆమన్‌వి నాలుగు చొక్కాలు.
నేను అందుకోబోతే, "అవి వద్దు" అంది ఓర్ఫా.
ఆమన్ ఆమె కడుపున పుట్టినవాడే.
లైల్ స్టాట్‌కి ఆడవాళ్ళు కావాలి, అందులో నేనూ ఉన్నాను,
ఇంకో రెండేళ్ళకో మూడేళ్ళకో ఎవరికో లెక్క తేల్చడానికి.
పదహారేళ్ళ మగపిల్లాడు అక్కర్లేదు.
ఒక్కడికి ఏడుగురైతే మిగిలిన ఆరుగురూ ఎక్కడికి పోవాలన్న లెక్క
మా బడిలో చెప్పరు. హైవే మీద చెబుతారు,
అట్టపెట్టెతో సహా దించేసి.

ఆమన్ తలుపు దగ్గరే ఉన్నాడు. ఎంతసేపట్నుంచో.
"నాది ఎవరు విప్పుతారు?" అన్నాడు.
కత్తెర చప్పుడు ఆగింది.
పొయ్యి మీద నీళ్ళు మరుగుతున్నాయి,
ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో.

పొద్దున లైల్ స్టాట్ వచ్చాడు. వరసలో నిల్చున్నాం.
ఒక్కో కాలరూ తిప్పి చదివాడు, గొర్రెల చెవులు చూసినట్టు.
కొత్త పేరు పక్కన నాలుగక్షరాల మేర
సూది కన్నాలు. ఆయనకి కనపడలేదు.
జెల్ఫా చంకలో బిడ్డ గౌను తిప్పాడు. ఏమీ లేదు.

"దారం అయిపోయిందండీ" అంది జెల్ఫా.

ఏప్రన్ జేబులో నీలం ఉండ,
పిడికెడంత,
నాకు కనిపిస్తూనే ఉంది.