గోడ మీది అంకె

ఈ ఇల్లు అమ్మబడును అని
ప్రహరీ మీద రాసింది నేనే.
అడుగున మిగిలిన నీలం రంగుతో,
దారం కట్టి, మట్టం చూసి మరీ.
తాపీ మేస్త్రీ రాసిన అక్షరం
వంకర పోతే ఇంకేమైనా ఉందా?
కింద ఫోను నంబరు. దాని కింద
నలభై రెండు లక్షలు.

పాలకొల్లు దాటాక నర్సాపురం కాలవ పక్క
మూడు సెంట్లు, రెండు గదులు, ఒక వసారా.
ఇసక సిద్ధాంతం ర్యాంపుది.
ఇటికలు ఒక్కొక్కటీ వేలికణుపుతో తట్టి
ఖంగుమన్నదాన్నే లోపలికి రానిచ్చాను.

ఆ రోజుల్లో చెరువుల వాళ్ళు
మేడ మీద మేడ అడిగేవారు.
రొయ్య ధర పడిన వారం
ముందు మేత లారీ ఆగింది,
తరవాత సిమెంటు లారీ,
ఆ తరవాత నేను.
మూడో శ్లాబుకి ఊచలు కట్టించి
బిల్డరు ఫోను నంబరు మార్చేశాడు.
నా కింద పదకొండుమంది.
వాళ్ళని పనికి పిలిచిన నోరు నాది,
కాబట్టి బాకీ కూడా నాదే.

మొదట్లో బేరాలు బాగానే వచ్చాయి.
"మాంచి పార్టీ అండి, ఆయ్" అనేవాడు
బ్రోకరు ఏసుబాబు, బండి దిగకుండానే.
ఒకాయన దిక్సూచి పట్టుకొచ్చి
వంటగది రెండు మూరలు జరిగితే చూద్దామన్నాడు.
ఒకావిడ కుళాయిలన్నీ తిప్పి
కట్టకుండానే వెళ్ళింది.
ఒక కుర్రాడు ఇల్లంతా వీడియో తీసుకుని
పెరట్లో కరివేపాకు మాత్రం కోసుకెళ్ళాడు.
ఒక పెద్దమనిషి గోడ తట్టాడు,
అచ్చం నేను తట్టినట్టే.
నా గుండె ఖంగుమనలేదు.

ఉత్తరం గది మూల
మోకాలెత్తున ఉప్పు పూస్తుంది.
పునాది మీద తారు పట్టీ పడాల్సిన రోజున
ఎవరిదో మేడకి శ్లాబు ఉందని పరిగెత్తాను.
మనిల్లే కదా, ఏముందిలే అనుకున్నాను.
ఊళ్ళో నలభై ఇళ్ళ చెమ్మ ఆపినవాణ్ణి.

"బీరువా అడ్డం పెట్టండి" అన్నాడు ఏసుబాబు.
పెట్టాం.
ఆ రాత్రి సత్యవేణి దీపం ఆర్పేసి
చాలాసేపు పడుకోలేదు.
"కొన్నవాడు ఎప్పటికైనా బీరువా జరుపుతాడుగా"
అని మాత్రం అంది.

ఆచంట నుంచి కరెంటు పనివాడొకడు వచ్చాడు,
వెంట పెళ్ళాం, నెలలు నిండిన మనిషి.
వాస్తు అడగలేదు, ధర విరచలేదు.
"చెమ్మేమన్నా ఉందా అండి?"
నేను బీరువా జరిపాను.
ఆ పిల్ల వంగలేక వంగి
గోడని వేలితో గీకి, వేలు చూసుకుంది.
"నిజం చెప్పారు, సంతోషమండి" అన్నాడతను.
ఇల్లు కొనకుండా వెళ్ళిపోయారు.
ఏసుబాబు వారం రోజులు నా ఫోనెత్తలేదు.

ముప్ఫై ఎనిమిది.
ముప్ఫై నాలుగు.
అంకె మారినప్పుడల్లా పాతదాని మీద సున్నం కొట్టి
కొత్తది రాస్తున్నాను.
తడిస్తే సున్నం దాచదు.
మొన్న ముసురుకి
రాసిన ధరలన్నీ ఒకదాని మీదొకటి తేలాయి.
పాలు పోసే ఆదెయ్య సైకిలాపి
"మేస్త్రీ గారూ, ఇంతకీ ఇందులో ఏదండీ?" అన్నాడు.
వాడు ఎగతాళికి అనలేదు.
నాకే చదవడం చేతకాలేదు.

సాయంత్రం సింహాద్రి వచ్చాడు,
పదకొండుమందిలో పెద్దవాడు.
కూలి అడగడానికే వచ్చాడు, నాకు తెలుసు.
వసారాలో కూర్చుని మంచినీళ్ళు తాగాడు,
గ్లాసు కిందపెట్టి, తలుపులోంచి
ఉత్తరం మూలకేసి చూశాడు.
"ఎవడు చేశాడు మేస్త్రీ, ఈ పని?"
నేనేం మాట్లాడలేదు.
సంచీలోంచి సుత్తీ ఉలీ తీశాడు.
మోకాలు దాకా పూత చెక్కుతూ
రెండో దెబ్బకో మూడో దెబ్బకో,
వెనక్కి తిరక్కుండా అన్నాడు:
"దీని కూలీ కూడా రాసుకోండి."

చెవి మీది పెన్సిలు తీశాను.
పొడిగా ఉన్న గోడ కోసం వెతుకుతున్నాను.