మూడో పేరు

గుణుపురం కాలేజీలో ఆటసామాన్ల గది.
బీరువా తలుపు లోపలివైపు
పాణిగ్రాహి సారు ఒడియా అక్షరాల్లో
సెట్టర్ అని రాసి
కింద మూడు పేర్లు వేసేరు.
లూకా గమాంగో.
రొంగలి దాలినాయుడు.
మూడోది నాది, పెన్సిల్‌తో.

నాకు ఒడియా చదవడం సరిగ్గా రాదు
గవర అన్న నా పేరు మట్టుకు గుర్తుపడతాను.
మూడు బంతులు పక్కపక్కన పెట్టినట్టుంటుంది.

లూకా లేపిన బంతికి చప్పుడుండదు.
కొండమీద వాళ్ళమ్మ జీడిపిక్కలు ఏరినట్టు
వేళ్ళ కొసలతో అందుకుని
ఎవడికి కావాలో వాడి భుజానికి అందిస్తాడు.
దాలినాయుడిది కొంచెం టప్పుమంటుంది
కానీ చేరుతుంది.
నేను లేపినవి
రైసుమిల్లు వెనకగోడకే తెలుసు.
ఊకధూళిలో, సాయంత్రానికి రెండొందలసార్లు,
గోడ కొట్టడం, నేను లేపడం.
గోడకి అలుపు లేదు. మెచ్చుకోలూ లేదు.

మ్యాచ్ రోజు నా పని నీళ్ళ క్యాను, ఐసు డబ్బా,
అందరి చెప్పులకీ కాపలా.
"మూడోవోడివి, నీకెందుకురా మోకాలిపట్టీలు?"
అని క్యాంటీన్ నీలవేణమ్మ అడిగింది.
ఏటి చెప్పను?
వేసుకునే కూచునేవాణ్ణి.
మూడేళ్ళూ నాకు చెమట పట్టింది అక్కడే.

రాయగడలో సెమీస్ అన్న వారం
లూకా వేలు బస్సు కిటికీ షట్టర్లో పడింది.
చిన్న చప్పుడు.
వాడు లేపిన ఏ బంతికీ లేని చప్పుడు.

దాలినాయుడికి ఆరోజే
భువనేశ్వరంలో రైల్వే పరీక్ష.
"ఉజ్జోగమొత్తే మా అయ్య అప్పు తీరతాది, ఏటనుకోకు"
అని వేళ్ళకి చుట్టుకునే తెల్లటేపు నా చేతిలో పెట్టి
రైలెక్కేసేడు.
సగం వాడేసిన చుట్ట.

సారు బీరువా తెరిచి చాలాసేపు నిలబడ్డారు.
రబ్బరూ తియ్యలేదు, పెన్నూ తియ్యలేదు.
"జట్టుకి లోతుండాలి రా" అన్నారు ఎవరితోనో.
నాకు వంశధార తోచింది.
ఏప్రిల్ నెల, వంతెన కింద,
ఏరు చచ్చిపోయిందంటారు బస్సులో వాళ్ళు.
మా అమ్మ కొబ్బరిచిప్పతో తవ్వుతాది.
ముందు పొడి ఇసక, ఆనక చెమ్మ ఇసక,
మోచేతి లోతున
మురిగ్గా, పిసరంత, నీళ్ళు.
తేరుకోడానికి టైము పడతాది.
తొందరపెట్టకూడదు.

రాయగడలో తొందరపెట్టేరు.
మొదటి బంతి నా తలమీంచి పోయింది.
తర్వాతది రెండుసార్లు తగిలిందని విజిలేసేరు.
సబర దుర్యోధన్ కొట్టడానికి గాల్లోకి లేచి
ఉత్తచేతుల్తో దిగేడు.
నా వైపు చూళ్ళేదు. అదే పెద్ద తిట్టు.

గట్టుమీంచి లూకా
కట్టుకట్టిన చెయ్యి పైకెత్తి
"గోడనుకోరా!" అని అరిచేడు.

వీడికెలా తెలుసు, గోడ సంగతి?

ఆ మీదట బంతి ఎలా లేచిందో చెప్పలేను.
చప్పుడు లేదని అనను. కొంచెం ఉంది.
దుర్యోధన్ కొట్టింది అవతల గీతమీద పడి
సున్నం లేచింది.
చప్పట్లన్నీ వాడికే.
సెట్టర్లం, ఎప్పుడూ రెండో చెయ్యి మాది,
మాకది అలవాటే.

ఓడిపోయేం.
ఆఖరి సెట్టు దాకా లాగేం గానీ ఓడిపోయేం.
రాత్రి దాలినాయుడు ఫోన్ చేసేడు.
పరీక్ష ఎలా రాసేవని నేనడగలేదు
మ్యాచ్ ఏటయిందని వాడడగలేదు.
స్టేషన్లో పకోడీల ధర గురించి మాట్లాడుకున్నాం.

తిరుగు బస్సులో
నీళ్ళ క్యాను ఎవరు మోసేరా అని వెతికితే
వెనక సీట్లో మొదటేడు కుర్రాడు, టంకధర్ బిసోయి,
రెండు కాళ్ళ మధ్యా దాన్ని ఇరికించుకుని
నిద్రపోతన్నాడు.
మోకాళ్ళకి పట్టీలు.
ధర చీటీ కూడా ఊడదియ్యలేదు.

టేపులో ఎంత మిగిలిందో చూసి
వాడి ఒళ్ళో పెట్టేను.