అక్షరం లేని అర

చిలోయేలో, కించావో దీవి మీద, నా కొట్టు రేకుల మీద
వాన పడని రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.
ఆ లెక్కకు రాని ఒక మంగళవారం
ఒతిలియా చిగ్వాయ్ గొడుగు మూయకుండానే లోపలికొచ్చి
ఉన్ని టోపీలో చుట్టిన హార్డ్ డిస్కును
బల్ల మీద పెట్టింది, గుడ్డు దించినంత మెత్తగా.

"తిరుగుతోంది. చప్పుడూ వస్తోంది. కనబడటం లేదు."

ముక్తసరి మనిషి.
మా మంచినీళ్ళ సంఘానికి పదకొండేళ్ళుగా కోశాధికారి.
రెండు వందల నలభై ఇళ్ళ పద్దులు
ఆ డిస్కులో, రెండో పార్టిషన్‌లో.
అక్క కొడుకు ఏదో కొత్త సిస్టం ఎక్కించబోయాడట,
ఆ పూట నుంచి మొదటిది ఉంది, రెండోది లేదు.
"శనివారం సమావేశం.
పద్దు మాయమైతే డబ్బు నేను మాయం చేశాననే అంటారు"
అని, గొడుగు నీళ్ళు నా గుమ్మంలోనే దులిపి వెళ్ళింది.

కేబుల్ మార్చాను.
పోర్టు మార్చాను.
మరో కంప్యూటరుకు తగిలించాను.
(ఏ వైద్యుడైనా ముందు నాలుక చూపించమనే అంటాడు.)
చెవి ఆనించి విన్నాను:
టిక్కుమనలేదు, గీరలేదు,
కట్టెల పొయ్యి మీద ఎసరులా సన్నగా మరుగుతోంది.
ఒంట్లో జబ్బేమీ లేదు.

తెర మీద డిస్కు పటం పరిచాను.
ఎడమన నీలం పట్టీ, నెత్తిన పేరు.
కుడిన పొడుగ్గా నలుపు,
అందులో "కేటాయించలేదు" అని ఒక్క మాట.
ఇల్లుంది, ఇంట్లో సామానుంది,
పటంలో మాత్రం ఖాళీ జాగా.
నలుపు మీద నొక్కితే చిన్న కిటికీ తెరుచుకుంది:
"కొత్తగా ఫార్మాట్ చేయమంటారా?"
ఎంత మర్యాద.
తల కొట్టేముందు తువ్వాలు అందించినట్టు.

జవాబివ్వలేదు.
అసలు మీద ఒక్క చుక్క రాయకుండా
మక్కీకి మక్కీ నకలు దించి
నకలునే జల్లెడ పట్టాను, రాత్రంతా.
గాలికి రెండుసార్లు కరెంటు పోయింది.
రెండుసార్లూ మొదటినుంచి.

నాలుగింటికి దొరికింది.
ఎక్కడంటే, చిట్టచివర.
పార్టిషన్ తన మొదటి పుటకు నకలొకటి
ఆఖరి గడిలో దాచుకుంటుంది,
మతిమరుపు మనిషి పెరటి గడప కింద
ఇంకో తాళంచెవి పెట్టుకున్నట్టు.
దాన్ని పట్టుకుని పట్టిక తిరగరాశాను.
నలుపు నీలమయింది.

అయినా కనబడలేదు!
అరగంట జుట్టు పీక్కున్నాక తెలిసింది,
అన్నీ ఉన్నాయి, దానికి అక్షరం లేదు.
అక్షరమంటే నశించనిది అంటారు,
ఇక్కడ నశించింది అదొక్కటే.
"కె" అని ఇచ్చాను.
తలుపు తెరుచుకుంది.

పద్దు సరిగ్గా తెరుచుకుందో లేదో చూడాలి కదా అని
ఒకటి తెరిచాను. (చూడకూడదు. అందరం చూస్తాం.)
పదిహేడో వరస:
రామిరో గ్వెంతేవ్, కంప్యూటర్ రిపేరు,
తొమ్మిది నెలల బకాయి.

నేనే.

పక్క తెర మీద అసలు డిస్కు
ఇంకా అడుగుతూనే ఉంది, చేయమంటారా అని.
అక్కడో నొక్కు, నకలు మీద ఇంకో నొక్కు.
"చాలా ప్రయత్నించానమ్మా, దొరకలేదు":
ఈ మాట నిజాయితీగా ఎందరితోనో అన్నాను,
నోటికి అలవాటే.
పొయ్యిలో కట్టె ఒకటి చిట్లింది.
వరస పూర్తిగా చదవలేదని అప్పుడు చూసి
పద్దును కుడివైపు జరిపాను.
చివరి గడిలో ఆమె రాసుకుంది:
"వానాకాలం. గిరాకీ లేదు. సమావేశంలో చదవొద్దు."

శుక్రవారం వచ్చింది. తెరిచి చూపించాను.
కళ్ళద్దాలు పైకి నెట్టి పద్దు చివరిదాకా చూసుకుంది.
పదిహేడో వరస దగ్గర కాస్త ఆగింది.
"చూశావన్నమాట."
"కనబడింది."
"ఎంతివ్వాలి నీకు?"
నేను నేల చూశాను.
ఉన్ని టోపీలో డిస్కు చుట్టుకుంటూ
తనే తేల్చేసింది:
"రాత్రంతా పని కాబట్టి రెండు నెలలు కొట్టేస్తా.
ఏడు మిగిలాయి."