పాతబడటం

ఇసుక పోసేది నేనే.
డెల్ఫ్ట్‌లో, నేలమాళిగ ల్యాబులో,
పందొమ్మిదేళ్లుగా నా ఉద్యోగం అదే.
జల్లెడలోంచి సన్నవాన కురిపించినట్టు
పొర మీద పొర.
తొందరపడితే గుల్లబారుతుంది,
ఎవరైనా తలుపు ధడాలున వేస్తే
ఉలిక్కిపడి కుదించుకుపోతుంది.
ఒక తొట్టి నిండటానికి నాలుగు రోజులు.
హిస్కే దాన్ని రెండు నిమిషాల్లో పాడుచేస్తుంది.

అలా అంటే నవ్వుతుంది.
పీహెచ్‌డీ నాలుగో ఏడు, గోళ్ల కింద నా ఇసుకే.
సముద్రంలో గాలిమరల కాళ్లంటే
లారీ దూరిపోయేంత ఉక్కు గొట్టాలు;
ఇక్కడ ఆమె చేతిలో పాలగ్లాసంత.
దాన్ని సుత్తితో బాదకుండా
వణికించి దింపాలన్నది ఆమె పంతం.

సుత్తి దెబ్బ నీళ్లలో ఎంత దూరం పోతుందో
నాకు తెలీదు. ఆమెకు తెలుసు.
చిన్నప్పుడు లావర్సోఖ్ రేవు దాటాక
రొయ్యల పడవ అడుగున చెవి ఆనించి పడుకుంటే
కంటికందని చోట ఎవరో మేకు దిగ్గొడుతున్నట్టు
టంగ్...
టంగ్...
"పొట్టిమూతి డాల్ఫిన్లు ఒక్కటీ లేవివాళ"
అన్నాడట వాళ్ల నాన్న సీట్సే.
రొయ్యల గురించి తర్వాత అన్నాడు. చాలా అన్నాడు.
మరలు లేచిన చోట వల వెయ్యకూడదు కదా.
కూతురు వాటికే కాళ్లు నాటే చదువు చదువుతోందని
రెండేళ్లు ఆమె వండిన సూపు
మాట్లాడకుండా తాగాడు.

వణుకు మొదలైతే ఇసుక తన పట్టు మరిచిపోతుంది,
నీళ్లలా పక్కకి తప్పుకుంటుంది.
ఒక్కోసారి గొట్టం సగంలో మొరాయిస్తుంది.
ఎందుకో చెప్పదు.
పదకొండో తొట్టి మొరాయించింది.
పన్నెండూ. పదమూడూ.
ఆ రోజు హిస్కే తొట్టి అంచు మీద కూర్చుని
ఏడవలేదు, నారింజ ఒలిచింది,
తొనలన్నీ నాకే ఇచ్చింది.

పద్నాలుగోది దిగింది. మరీ తేలిగ్గా దిగింది.
అంతే తేలిగ్గా ఊడొచ్చింది.
ప్రొఫెసర్ పెదవి విరిచాడు.

తర్వాత ఈస్టర్ సెలవులు.
పదిహేనో గొట్టం తొట్టిలోనే ఉండిపోయింది
(పీకడం మరిచిపోయింది నేనే,
ఆ ముక్క థీసిస్‌లో లేదు).
ఇరవైమూడు రోజులు.
వచ్చి పీకబోతే యంత్రం మూలిగింది,
ముల్లు గీత దాటింది,
సున్నాకి తెచ్చి మళ్లీ లాగితే మళ్లీ దాటింది.
ఎవరూ ముట్టని ఆ రోజుల్లో
రేణువులు ఒకదానికొకటి భుజమిచ్చుకుని
సద్దుకున్నాయి కాబోలు.
పాతింది పాతబడాలి,
పాతబడితేనే పాతుకుంటుంది.
ఈపాటి సంగతికి ఆమెకు
రెండొందల పేజీలు పట్టాయి.

శుక్రవారం పట్టా సభ.
నల్లగౌన్ల వాళ్లు వరసగా ప్రశ్నలు వేశారు.
నా పక్క కుర్చీలో సీట్సే, పెళ్లిళ్ల కోటులో,
తాడు పట్టీ పట్టీ ముడుచుకుపోయిన వేళ్లు మోకాళ్ల మీద.
తుఫానుకి నిలుస్తుందా అని ఎవరో అడిగారు,
హిస్కే నోరు తెరిచింది,
సరిగ్గా గంట నిండింది.
చిరుగంటలు కట్టిన దండంతో
ఒకావిడ వచ్చి నేల మీద పొడిచింది.
మాట సగంలో ఆగిపోయింది.
సీట్సే నా వైపు వంగి
"ఇక్కడింకా సుత్తే వాడుతున్నారన్నమాట" అన్నాడు.

ఇవాళ సోమవారం.
మూల చిన్న తొట్టిలో ఒక గొట్టం దింపి వెళ్లింది.
పదేళ్ల తర్వాత పీకమని చీటీ.
అప్పటికి నేను రిటైరై రెండేళ్లు దాటుతుంది.

తలుపు నెమ్మదిగా వేస్తున్నాను.